విప్పి చూసిన గేర్‌బాక్సుల వివరాలు బయటపెట్టండి: పవన విద్యుత్ రంగానికి ఒక బహిరంగ లేఖ

పవన విద్యుత్ కేంద్రాల యజమానులకు, గాలిమరలనూ వాటి గేర్‌బాక్సులనూ తయారుచేసే సంస్థలకు, నిర్వహణ కాంట్రాక్టర్లకు, విద్యుత్ నియంత్రణ సంస్థల అధికారులకు నమస్కారాలు.

గాలిమర గేర్‌బాక్సు ఎప్పుడు చెడిపోతుందో ముందుగా కనిపెట్టడంపై డాక్టరేట్ పరిశోధన చేస్తున్నవారిలో నేనూ ఉన్నాను. ఈ విషయమై నేనూ, నా తోటి పరిశోధకులూ విడివిడిగా పంపిన వినతులకు మీలో కొందరి నుంచి జవాబు రాలేదు. కొందరు ‘పరిశీలనలో ఉంది’ అని మర్యాదగా రాసి ఊరుకున్నారు. ఒప్పందం దాకా వచ్చిన ఒకటి రెండు ప్రతిపాదనలు న్యాయ విభాగానికి వెళ్ళి అక్కడే ఉండిపోయాయి. ఇది రంగమంతటా పాతుకుపోయిన అలవాటే తప్ప ఏ ఒక్క సంస్థ తీరూ కాదు కనుక ఇక్కడ ఎవరి పేరూ ఎత్తడం లేదు.

మేము అడుగుతున్నది ఒక్కటే. చెడిపోయిన గేర్‌బాక్సును కిందికి దించి విప్పినప్పుడు లోపల మీకు ఏం కనిపించిందో ఆ నివేదికను, అంతకుముందు నెలల్లో ఆ గాలిమర నుంచి నమోదైన కొలతలతో జతచేసి, పరిశోధకులకు అందుబాటులో ఉంచండి.

ఈ రంగంతో పరిచయం లేని పాఠకుల కోసం కొంత వివరించాలి. రెండు మెగావాట్ల స్థాయి గాలిమరలో రెక్కలు నిమిషానికి సుమారు పదిహేను చుట్లు తిరుగుతాయి, జనరేటరుకేమో నిమిషానికి 1,500 చుట్ల వేగం కావాలి. ఈ నూరు రెట్ల తేడాను భర్తీ చేసేది గేర్‌బాక్సు. పూర్తి సామర్థ్యంతో నడుస్తున్నప్పుడు రెక్కల వైపు నుంచి దానిలోకి వచ్చే టార్క్ (తిప్పే బలం) పన్నెండు లక్షల న్యూటన్ మీటర్లకు పైమాటే. అదీ నిలకడగా రాదు. ఈదురుగాలి విసిరినప్పుడూ, గ్రిడ్ ఉన్నట్టుండి తెగిపోయినప్పుడూ, అత్యవసర బ్రేకు పడినప్పుడూ ఆ బలం ఎగిసిపడుతుంది, ఒక్కోసారి దిశే తిరగబడుతుంది. అలాంటి క్షణాల్లో, షాఫ్టులు సులువుగా తిరిగేలా మోసే బేరింగుల్లోని రోలర్లు దొర్లడం మాని జారతాయి. ఇరవై ఏళ్ళు నడవాలని రూపొందించిన గేర్‌బాక్సుల్లో కొన్ని అందులో సగం కాలమైనా పూర్తిచేయకుండానే కిందికి దిగుతున్నాయంటే, దానికి మూలాలు చాలావరకు బేరింగుల్లోనే కనిపిస్తున్నాయి. అమెరికాలోని జాతీయ పునరుత్పాదక ఇంధన ప్రయోగశాల సేకరించిన వైఫల్యాల పట్టికలో నాలుగింట మూడు వంతులు బేరింగులవే. వైట్ ఎచింగ్ క్రాక్స్ అనే ఒక రకం పగుళ్ళయితే, లెక్కకట్టిన ఆయుష్షులో 5 నుంచి 20 శాతం గడిచేసరికే బేరింగును నిలువునా చీల్చేయగలవు. అందుకు మూలం నూనెలోని రసాయనాలా, రోలర్ల జారుడా, దారితప్పిన విద్యుత్ ప్రవాహమా, ఉక్కులోకి చొరబడిన హైడ్రోజనా అన్నది నేటికీ తేలలేదు.

మరి గాలిమరలో అన్నిటికంటే ఎక్కువగా చెడేది గేర్‌బాక్సేనా అంటే, కాదు. జర్మనీలో 1989 నుంచి 2006 వరకు పదిహేను వందల గాలిమరలను గమనించిన కార్యక్రమంలో విద్యుత్, నియంత్రణ వ్యవస్థల లోపాలే సంఖ్యలో ముందున్నాయి. అయితే అదే కార్యక్రమం మరొక సంగతి కూడా తేల్చింది. మొత్తం వైఫల్యాల్లో 75 శాతం చిన్నా చితకావి, అవన్నీ కలిసి ఆపిన కాలం 5 శాతం మాత్రమే. మిగిలిన 25 శాతం వైఫల్యాలు 95 శాతం కాలాన్ని మింగేశాయి. ఒకసారి చెడితే ఎక్కువ రోజులు ఆపేసే భాగాల్లో గేర్‌బాక్సు ఒకటి. ఆ కార్యక్రమం సాధ్యమైన తీరును అధికారులు గమనించాలని కోరుతున్నాను. ప్రభుత్వ ప్రోత్సాహం పొందిన యజమానులు వైఫల్యాలను నివేదించాలన్నది అక్కడ ప్రోత్సాహంతో పాటే వచ్చిన షరతు.

ఇప్పుడు మాకు అందుతున్నదేమిటో చెబుతాను. అందిన చోట సాధారణంగా అందేవి, గాలిమరను దూరం నుంచి గమనించి నియంత్రించే స్కాడా వ్యవస్థ దాచిన పది నిమిషాల సగటులు: గాలి వేగం, ఉత్పత్తి, నూనె ఉష్ణోగ్రత, బేరింగు ఉష్ణోగ్రత వంటివి. పది నిమిషాల్లో జనరేటరును తిప్పే హైస్పీడ్ షాఫ్ట్ 15,000 చుట్లు తిరుగుతుంది. బేరింగు బయటి రింగు మీద చిన్న పెచ్చు లేచినప్పుడు ప్రతి చుట్టులోనూ కొన్నిసార్లు తగిలే సూక్ష్మమైన దెబ్బలు ఆ ఒక్క సగటులో ఆనవాలు లేకుండా పోతాయి. ఉష్ణోగ్రత పెరిగి కనిపించేనాటికి నష్టం ముదిరిపోయి ఉంటుంది. కంపనాలను సెకనుకు వేల సార్లు కొలిచి, వాటిలో పదేపదే వచ్చే దెబ్బల లయను విడదీసే ఎన్వలప్ విశ్లేషణ చేసి, మారుతున్న వేగానికి అనుగుణంగా సరిదిద్దుకుంటే హైస్పీడ్ దశలోని లోపాన్ని నెలల ముందే పట్టుకోవచ్చు. రెక్కలకు దగ్గరగా నెమ్మదిగా తిరిగే ప్లానెటరీ దశలో ఇది అంత సులువు కాదు, ఎందుకంటే అక్కడ బేరింగులు తామే ఒక కేంద్రం చుట్టూ తిరుగుతుంటాయి, వాటి కంపనం పెట్టె గోడ మీది సెన్సరును చేరే దారి క్షణక్షణం మారుతుంటుంది. అక్కడ నూనెలో కలిసే లోహపు రజనును లెక్కపెట్టడం ఎక్కువగా ఉపయోగపడుతుంది. ఇవన్నీ తెలిసిన పద్ధతులే. చాలా కేంద్రాల్లో పరికరాలూ ఉన్నాయి, కొలతలూ నమోదవుతున్నాయి. అవి సర్వర్లలో కొన్నాళ్ళుండి, స్థలం చాలక చెరిగిపోతున్నాయి.

కొలతలు ఇచ్చిన చోట కూడా అసలు సంగతి ఉండదు. ‘గేర్‌బాక్సు మార్చారు’ అని ఒక తేదీ ఉంటుంది, అంతే. ఏ షాఫ్టు, ఏ బేరింగు, పగులా అరుగుదలా, గేరు పన్ను విరిగిందా, లేక గేర్‌బాక్సు బాగానే ఉన్నా ముందుజాగ్రత్తగా మార్చారా అన్నది ఉండదు. జ్వరం చార్టులు కట్టలకొద్దీ ఇచ్చి, ఏ ఒక్క రోగికీ ఏ జబ్బో చెప్పకుండా వైద్యం నేర్చుకోమన్నట్టుగా ఉంది మా పరిస్థితి. గేరు పళ్ళ సంఖ్య, బేరింగు నమూనా తెలియకపోతే కంపనాల్లో ఏ పౌనఃపున్యం దగ్గర వెతకాలో కూడా లెక్కకట్టలేం. గేర్‌బాక్సును డబ్బిచ్చి కొన్న యజమానికి సైతం ఆ పళ్ళ సంఖ్య చెప్పని తయారీదారులున్నారు. కొన్న వస్తువులో పళ్ళెన్నో తెలుసుకునే హక్కు కొన్నవారికి లేకపోవడం ఎలాంటి వ్యాపార నీతో నాకు అర్థం కాదు.

ఇందువల్ల విశ్వవిద్యాలయాల్లో జరుగుతున్నదేమిటంటే, మీ గాలిమరలకు ఏమాత్రం పనికిరాని పరిశోధన. బేరింగు లోపాలపై వెలువడే లెక్కలేనన్ని వ్యాసాలకు ఆధారం అమెరికాలోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయం విడుదల చేసిన కొలతలు. అవి రెండు హార్స్‌పవర్ మోటారుపై, విద్యుత్ స్పార్కుతో బేరింగులో చేసిన చిన్న గుంటలపై, దాదాపు నిలకడైన వేగంలో తీసినవి. ఉదారంగా అందరికీ ఇచ్చిన ఆ విశ్వవిద్యాలయాన్ని తప్పుపట్టలేం. దాని మీద 99 శాతం కచ్చితత్వం సాధించి, అదే పద్ధతి గాలిమరకూ పనిచేస్తుందని రాసేవారిదే పొరపాటు. ఒకే యంత్రం కొలతలను ముక్కలుచేసి, సగం ముక్కలతో నేర్పి, మిగతా సగంతో పరీక్షిస్తే, లోపాన్ని గుర్తించే ఏ కంప్యూటర్ నమూనా అయినా నెగ్గుతుంది. ఎన్నడూ చూడని గాలిమర ముందు నిలబెట్టినప్పుడు తేలుతుంది దాని సంగతి.

నిజానికి శాతాల లెక్కే ఇక్కడ మోసం చేస్తుంది. పది నిమిషాలకొక వరుస చొప్పున ఒక గాలిమర ఏడాదికి 52,560 వరుసల కొలతలు ఇస్తుంది. నూరు గాలిమరలున్న కేంద్రంలో అవి 52 లక్షలు దాటతాయి. వెయ్యి వరుసలకు ఒక్కసారి మాత్రమే పొరపాటున అలారం మోగించే నమూనా, వినడానికి 99.9 శాతం మంచిదే, ఆ కేంద్రంలో ఏడాదికి ఐదు వేలకు పైగా, అంటే రోజుకు పద్నాలుగు తప్పుడు అలారాలు మోగిస్తుంది. అదే ఏడాది అక్కడ నిజంగా చెడే గేర్‌బాక్సులను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. వారం తిరగకుండా కంట్రోల్ రూములో ఎవరో ఒకరు ఆ అలారాన్ని ఆపేస్తారు, అందులో వారి తప్పేమీ లేదు. తప్పుడు అలారాలను తగ్గించాలంటే బాగున్న యంత్రాలు బాగున్నప్పుడు ఎలా ఉంటాయో, చెడినవి నిజంగా ఎలా చెడ్డాయో రెండూ తెలియాలి. ఈ రెండో భాగమే మీ బీరువాల్లో ఉంది.

ఈ గోప్యత భారం ఎవరి మీద పడుతున్నదో ఇక చెబుతాను.

1. మొదట నిర్వహణ కార్మికుల మీద. ఎనభై, వంద మీటర్ల ఎత్తున, నాసెల్ అనే టవరు పైగదిలోని ఇరుకులో, నూనె మరకల మధ్య పనిచేసేది వారు. హైస్పీడ్ షాఫ్టు బేరింగు లోపాన్ని తొలిదశలో పట్టుకుంటే చాలా గాలిమరల్లో దాన్ని పైనే, చిన్న క్రేనుతో, గాలి తక్కువగా ఉండే రోజులు చూసుకుని మార్చవచ్చు. ఆలస్యమైతే ఆ బేరింగు నుంచి రాలిన ఉక్కు ముక్కలు నూనెతో పాటు గేర్‌బాక్సంతా తిరిగి, బాగున్న బేరింగులనూ గేరు పళ్ళనూ తినేస్తాయి. అప్పుడు రెక్కల చక్రాన్ని విప్పి, టన్నుల బరువున్న గేర్‌బాక్సునంతా దించవలసి వస్తుంది. హడావిడిగా భారీ బరువులు ఎత్తి దించే పని ఎంత ప్రమాదకరమో చేసినవారికి తెలుసు. తప్పుడు అలారం మోగిన ప్రతిసారీ టవరు నిచ్చెన ఎక్కేదీ వారే.

2. గాలిమరలకు భూమి ఇచ్చినవారి మీద. భారీ క్రేను రావాలంటే దారి వెడల్పు చేయాలి, నేల చదును చేయాలి. అనుకోకుండా చెడితే పైరు చేతికొచ్చే కాలమా కాదా అని ఎవరూ అడగరు. అద్దె ఉత్పత్తిలో వాటాగా అందేచోట, గాలిమర ఆగిన నెలల్లో వారి రాబడీ ఆగుతుంది.

3. విద్యుత్ వినియోగదారుల మీద. కొత్త గేర్‌బాక్సు రావడానికి నెలలు పట్టవచ్చు. బాగా గాలి వీచే కాలంలో ఆగిన యంత్రం పోగొట్టేది ఏడాది సగటు కంటే ఎంతో ఎక్కువ, ఎందుకంటే గాలిలోని శక్తి వేగం ఘనానికి అనులోమంగా పెరుగుతుంది. ఆ లోటును మరొక చోట కొని పూడ్చాలి. మరమ్మతు ఖర్చు, బీమా ప్రీమియం, కొన్న విద్యుత్తు ధర, అన్నీ చివరికి ఒకే బిల్లులోకి చేరతాయి.

4. ఒకటి రెండు గాలిమరలే ఉన్న చిన్న యజమానులు, సహకార సంఘాల మీద. వందల గాలిమరలున్న సంస్థ తన సొంత వైఫల్యాల నుంచి ఎంతో కొంత నేర్చుకోగలదు. వీరికి ఆ అవకాశం లేదు. వీరి యంత్రంలో వచ్చే లోపం అప్పటికే మరెక్కడో పదిసార్లు వచ్చి ఉండవచ్చు, ఆ సంగతి వీరికి చెప్పేవారుండరు.

5. పరిశోధక విద్యార్థుల మీద. డాక్టరేట్‌కు దొరికే మూడు నాలుగేళ్ళలో గోప్యతా ఒప్పందం కోసం ఎదురుచూపులకే చాలా కాలం పోతుంది. ఒప్పందం కుదిరినా, ఎన్ని గేర్‌బాక్సులు చెడ్డాయో కూడా ప్రచురించరాదన్న షరతు ఉంటుంది, అంటే ఫలితాన్ని ఎవరూ సరిచూడలేరు. చివరికి ఆ విద్యార్థి ప్రయోగశాలలోని చిన్న మోటారు దగ్గరికే తిరిగి వెళతాడు. వీరిలో చాలామందికి అందే భృతి ప్రజాధనమని కూడా గుర్తుచేయాలి.

వ్యాపార రహస్యం, మార్కెట్ పోటీ అన్న అభ్యంతరం నాకు తెలియనిది కాదు. ఏ సంస్థ గేర్‌బాక్సు ఎన్నిసార్లు చెడిందో తెలిస్తే అమ్మకాలు దెబ్బతింటాయన్న భయం సహజం. కానీ పోటీలో ఎవరికీ తీసిపోని చమురు సంస్థలు 1981లోనే మొదలైన ఓరెడా అనే ఉమ్మడి కార్యక్రమంలో చేరి, సముద్రపు బావుల మీది యంత్రాలు ఎప్పుడు, ఎలా చెడుతున్నాయో ఒకే పద్ధతిలో నమోదు చేసి పంచుకుంటున్నాయి. దానివల్ల వాటి పోటీ ఆగిపోలేదు. పవన విద్యుత్ రంగంలోనూ తలుపు తీసినవారున్నారు. పైన చెప్పిన అమెరికా పునరుత్పాదక ఇంధన ప్రయోగశాలే 2007లో గేర్‌బాక్సుల విశ్వసనీయతపై ఉమ్మడి కార్యక్రమం చేపట్టి, 750 కిలోవాట్ల గేర్‌బాక్సు ఒకటి నూనె కోల్పోయి దెబ్బతిన్నప్పుడు దాని కంపనాలను పరీక్షా వేదికపై కొలిచి, లోపల ఏం చెడిందో చెప్పకుండా విశ్లేషకులకిచ్చి, ఆ తర్వాత విప్పి చూసిన ఫలితాలతో పోల్చి ప్రచురించింది. నేటి గాలిమరలు దానికి ఎన్నో రెట్లు పెద్దవి, అయినా మేము ఇప్పటికీ ఆ ఒక్క గేర్‌బాక్సు చుట్టూ తిరుగుతున్నామంటే తర్వాత వచ్చినవి ఎంత తక్కువో ఊహించండి. పోర్చుగల్‌కు చెందిన విద్యుత్ సంస్థ ఈడీపీ తన కొన్ని గాలిమరల స్కాడా కొలతలను వైఫల్యాల జాబితాతో సహా విడుదల చేసింది. బ్రిటన్‌లోని కెల్మార్ష్, పెన్‌మన్‌షీల్ కేంద్రాల కొలతలు 2022లో బయటికొచ్చాయి. 2024లో 36 గాలిమరల కొలతలు, ఏ కేంద్రానివో తెలియకుండా పేర్లు తీసేసి, ఏ కాలం అసాధారణమైనదో గుర్తించి మరీ విడుదలయ్యాయి. పేరు దాచి సమాచారం ఇవ్వడం సాధ్యమేనని ఇంతకంటే నిరూపించనక్కరలేదు.

కనుక మా డిమాండ్లు ఇవి.

1. మార్చిన ప్రతి గేర్‌బాక్సుకూ ఒక నివేదిక ఉండాలి. తొలి లక్షణం కనిపించిన తేదీ, ఆపిన తేదీ, చెడిన భాగం, చెడిన తీరు అందులో ఉండాలి. బేరింగు నష్టానికి ఐఎస్ఓ 15243, గేరు నష్టానికి ఐఎస్ఓ 10825 అనే అంతర్జాతీయ ప్రమాణాలు ఇప్పటికే పదజాలాన్ని స్థిరపరిచాయి, కొత్తగా కనిపెట్టవలసిందేమీ లేదు. పక్కన పెట్టిన భాగం ఫొటోలు జతచేస్తే మరీ మంచిది. మిగతావన్నీ ఆలస్యమైనా ఇది మాత్రం ఆలస్యం కాకూడదని మనవి, ఎందుకంటే తుక్కు కింద అమ్మేసిన గేర్‌బాక్సును మళ్ళీ విప్పి చూడలేం.

2. కంపనాల అసలు కొలతలను, సగటులుగా కుదించకుండా, షాఫ్టు వేగంతో పాటు భద్రపరచాలి. రోజుకొక్కసారి తీసిన కొలత అయినా చాలు.

3. గేరు పళ్ళ సంఖ్య, బేరింగుల నమూనాలు యజమానికి ఇవ్వడాన్ని కొనుగోలు ఒప్పందంలోనే చేర్చాలి. యంత్రం నుంచి వచ్చే కొలతలు యజమానివేనని, నిర్వహణ ఒప్పందం ముగిసినా అవి అతని చేతికి అందాలని అందులో స్పష్టంగా రాయాలి.

4. బాగున్న గాలిమరల వివరాలూ, ఉత్తుత్తి అలారాల వివరాలూ ఇవ్వాలి. లోపలికి దూర్చే సన్నని కెమెరా (బోరోస్కోపు)తో చూసి ఏమీ కనబడలేదని తిరిగి వచ్చిన తనిఖీ కూడా మాకు విలువైనదే. నూనె మార్చిన, ఫిల్టర్ మార్చిన, సెన్సర్ మార్చిన తేదీలు లేకపోతే ఆ మార్పులనే జబ్బుగా పొరబడతాం.

5. నియంత్రణ సంస్థలు ప్రజాధనంతోనో, నిర్దేశిత ధరతోనో ప్రోత్సాహం పొందే ప్రతి కేంద్రానికీ వైఫల్యాల నివేదికను షరతుగా పెట్టాలి. సంస్థల పేర్లు తొలగించి, ఆ నివేదికలను కాపాడే బాధ్యతను ఏ తయారీదారుకూ చెందని స్వతంత్ర సంస్థకు అప్పగించాలి. మార్కెట్ ప్రయోజనాల దృష్ట్యా రెండేళ్ళు ఆపి ఇచ్చినా మాకు అభ్యంతరం లేదు.

6. ఇది విశ్వవిద్యాలయాలకు, పత్రికల సంపాదకులకు. నేర్పడానికి వాడిన గాలిమరతోనే పరీక్షించిన పరిశోధనను గాలిమరల వైఫల్య అంచనాగా అంగీకరించకండి. కచ్చితత్వ శాతానికి బదులు ఒక గాలిమరకు ఏడాదికి ఎన్ని తప్పుడు అలారాలు, నిజమైన లోపాన్ని ఎన్ని రోజుల ముందు పట్టుకున్నారు అన్న రెండు అంకెలను తప్పనిసరి చేయండి. యజమానులు మమ్మల్ని నమ్మకపోవడంలో మన వైపు తప్పు కూడా కొంత ఉంది.

ఇవన్నీ ఒక్కరోజులో జరిగేవి కావని తెలుసు. మొదటి అడుగుగా, గత ఐదేళ్ళలో మార్చిన గేర్‌బాక్సుల విప్పుడు నివేదికలను, సంస్థ పేరూ కేంద్రం పేరూ కొట్టేసి, ఏదైనా ఒక విశ్వవిద్యాలయానికి ఇవ్వండి. ఇవ్వలేకపోతే ఎందుకు ఇవ్వలేరో కారణంతో సహా రాతపూర్వకంగా చెప్పండి. ఈ లేఖకు వచ్చే ప్రతి జవాబునూ, పంపినవారు అనుమతిస్తే, ఇదే విధంగా బహిరంగంగా ప్రచురిస్తాం.

భవదీయ,
గాలిమరల గేర్‌బాక్సు వైఫల్యాలపై పరిశోధన చేస్తున్న ఒక డాక్టరేట్ అభ్యర్థి